నాలుగో రంగు

పెద్దవాడి చెయ్యి రెండోసారి లేచేసరికి చిన్నకోడలు వంటింట్లోంచి ముందుగదిలోకి వచ్చేసింది.

మొదటి దెబ్బ అప్పటికే ఆమె భర్త చెంపమీద పడింది. అతని రెండు చేతులకీ మోచేతులదాకా కట్లున్నాయి. అడ్డుపెట్టుకోవడానికి ఏమీ లేక చిన్నవాడు ముఖం మాత్రం పక్కకి తిప్పుకున్నాడు. దెబ్బ తిన్నవాడిలా లేడు, మాట సరిగ్గా వినపడనివాడిలా ఉన్నాడు. నిన్న క్వారీలో జరిగిన పేలుడుకి, మిషన్ దగ్గర సాయంగా ఉండే బక్కోడు చచ్చిపోయాడు, ఇతని ఎడమ చెవి పూర్తిగా మూసుకుపోయింది.

"మళ్ళీ చెప్తున్నా, విను," అన్నాడు పెద్దవాడు, తమ్ముడి చొక్కా పట్టుకుని కుడి చెవి తనవైపు తిప్పుకుంటూ. "నువ్వు మంచినీళ్ళకని పక్కకెళ్ళావు. నువ్వొచ్చేలోపు బక్కోడు తనంతట తనే డ్రిల్లింగ్ మిషన్ నడిపాడు. ఇన్‌స్పెక్టర్ ఎన్నిసార్లు అడిగినా ఇదే చెప్పు."

"నేనెక్కడికీ వెళ్ళలేదన్నయ్యా. మిషన్ మీదున్నది నేనే. బక్కోడు పక్కన నిలబడి రాడ్డు సరిచేస్తున్నాడంతే."

రెండో దెబ్బ నోటిమీద పడింది. కింది పెదవి చిట్లి గడ్డంమీదికి నెత్తురు కారింది.

చిన్నకోడలు ఇద్దరి మధ్యకీ దూరింది. వద్దు బావగారూ అనే మాట పూర్తికాకముందే పెద్దవాడు ఆమెని భుజం పట్టి పక్కకి విసిరేశాడు. బీరువా అంచు కనుబొమ్మకి తగిలింది. కాసేపు కళ్ళ ముందు ఏమీ కనపడలేదు. తర్వాత వెచ్చగా ఏదో కంట్లోకి దిగింది.

అత్తగారు చేతిలో గరిటెతోనే గుమ్మంలో నిలబడి ఉంది. ఆవిడ పెద్దకొడుకుని ఏమీ అనలేదు. కోడలికి తడిగుడ్డ ఇచ్చి, మగవాళ్ళ మధ్యకి ఎందుకెళ్ళావని విసుక్కుంది. తర్వాత చిన్నకొడుకు పక్కన కూచుని, అన్నయ్య చెప్పేది నీ మంచికే కదరా, చచ్చినవాడికి ఏ నింద పడితే ఏమిటి అని చెవిలో చెప్పింది.

చిన్నవాడు తల అడ్డంగా ఊపాడు.

"ఆ గడి తెల్లగా ఉందమ్మా," అన్నాడు. చెవి పోయిన దగ్గర్నుంచి మెల్లగా మాట్లాడుతున్నానని అనుకుంటూ అరుస్తున్నాడు. "తెల్లగా ఉంటేనే కదా మిషన్ పెడతాం. నేను రెండుసార్లు చూశాను. బక్కోడు కూడా చూశాడు. తెలుపే."

తడిగుడ్డ పట్టుకున్న చిన్నకోడలి చెయ్యి కనుబొమ్మమీదే ఆగిపోయింది.

పెద్దవాడు ఆమెవైపు ఒక్కసారి చూశాడు. వెంటనే చూపు తిప్పేసుకుని, ఇన్‌స్పెక్టర్ మధ్యాహ్నం ఇంటికే వస్తాడనీ, ఈలోపు వీడికి బుద్ధి చెప్పుకోమనీ తల్లితో అని, ఫోన్ తీసుకుని వీధి అరుగుమీదికి వెళ్ళాడు.

* * *

ఆ గడులు ఆమెవే. క్వారీలో ఎక్కడ బెజ్జం వెయ్యాలో, ఎక్కడ వెయ్యకూడదో చెప్పే షీటు ఏ రోజుకారోజు తయారయ్యేలా ప్రోగ్రాం రాసింది ఆమే.

కొండని గడులు గడులుగా విడదీసి గీసిన పటం అది. బెజ్జం వేసి ఖాళీగా ఉన్న చోటు నీలం. మందు నింపినది పసుపు. పేలి, రాయి తీసేసినది ఆకుపచ్చ. ఇంకా చెయ్యి పడని రాయి తెలుపు. గడిలో నంబరు తప్ప ఏమీ ఉండదు, మిగతా సంగతంతా రంగే చెప్పాలి. దుమ్ములో, ఎండలో, మిషన్ హోరులో అక్షరాలు చదివే తీరిక ఎవరికీ ఉండదని చిన్నవాడే ఆమెకి మొదట్లో చెప్పాడు.

క్రితం వారం మందు పేల్చే ఆయన ఇంకో రంగు అడిగాడు. కొన్నిసార్లు మందు నింపి వైరు తగిలించినా ఒక బెజ్జం పేలకుండా ఉండిపోతుంది. అలాంటి చోట ఇన్నాళ్ళూ ఆయన జెండా పాతేవాడు. రాళ్ళు పడి జెండాలు కొట్టుకుపోతున్నాయి, షీటులోనే కనపడేలా చెయ్యమ్మా అన్నాడు. చిన్నకోడలు ఎరుపు చేర్చింది. ఎరుపున్న చోట మిషన్ పెడితే లోపలి మందు పేలుతుంది, అక్కడికి ఎవరూ పోకూడదు.

అక్కడే చిక్కొచ్చింది. క్వారీ షెడ్డులో ఉన్న కంప్యూటరు పాతది. పాత రకం ఫైలు తప్ప తెరవదు. షీట్లు తయారుచెయ్యడానికి ఆమె వాడే లైబ్రరీ, అంటే ఇంకెవరో రాసిపెట్టిన కోడు, కొత్త రకం ఫైలూ ఇస్తుంది, పాత రకమూ ఇస్తుంది. కానీ 'ఇలా ఉంటే ఈ రంగు వెయ్యి' అనే షరతుల్ని పాత రకం ఫైలు ఒక గడికి మూడింటినే మోస్తుంది. నాలుగోది పెడితే అది చెప్పాపెట్టకుండా రాలిపోతుంది. రంగు రాలిపోయిన గడి తెల్లగా మిగులుతుంది.

ఇది ఆమెకి తెలుసు. తెలుసు కాబట్టే ప్రోగ్రాంలో ఒక కాపలా పెట్టింది. పాత రకంలోకి మార్చేటప్పుడు ఏదైనా పోయేట్టుంటే, ఫైలు తయారుకాకుండా ఆగిపోయి, ఏం పోతుందో తెరమీద చెప్పాలి. ఎరుపు చేర్చిన రోజునుంచీ ఆ కాపలా ఫైలుని ఆపేస్తూనే ఉంది. షరతులు తీసేసి ఒక్కో గడికీ నేరుగా రంగు పుయ్యాలి బావగారూ, దానికి రెండు రోజులు పడుతుంది, అందాకా ఆఫీసులోనే కొత్త రకం ఫైలు ప్రింటు తీసి పంపించండి అని చెప్పింది. క్వారీ మేస్త్రి ఆయనే, సరేనన్నట్టే తలూపాడు.

మరి నిన్న షెడ్డులో తెరిచిన ఆ ఫైలు ఎలా తయారైంది?

వెనక గదిలో లాప్‌టాప్ ముందు కూచుని, ఆఫీసులో నడిచే ప్రోగ్రాంనే తెరిచి, నిన్నటి వివరాలతో కొత్త రకం ఫైలు తీసింది. తూర్పు వైపు నాలుగో వరుసలో నిన్న పేలుడు జరిగిన గడి ఎర్రగా నిప్పుకణికలా ఉంది. అదే వివరాలతో పాత రకం అడిగింది. ఆగిపోవలసిన ప్రోగ్రాం ఆగలేదు. పని అయిపోయిందని చెప్పింది. తెరిచి చూస్తే అదే గడి తెల్లగా, ఏ పాపం ఎరగనట్టు ఉంది.

తలుపు చప్పుడైంది. పెద్దకోడలు లోపలికి వచ్చి గడియ పెట్టి, తలుపుకి ఆనుకుని నిలబడింది. క్వారీ ఆఫీసులో కంప్యూటరు దగ్గర కూచునేది ఆవిడే. ఉదయాన్నే ఈ ప్రోగ్రాం నడిపి ఫైలు షెడ్డుకి పంపేదీ ఆవిడే. ఆవిడ చూపు ముందు తెరమీద, తర్వాత తోడికోడలి కనుబొమ్మమీద ఆగింది.

"ఎవరక్కా కాపలా తీసింది?"

పెద్దకోడలు చీర కొంగు వేలికి చుట్టుకుంటూ ఉండిపోయింది. ముందుగదిలో అత్తగారు చిన్నకొడుక్కి ఏదో నచ్చజెబుతున్న గొణుగుడు వినపడుతోంది.

"నువ్వే కదా నాకు చూపించావు," అంది చివరికి. "అక్షరాల రంగు కాస్త మారుతుందని ఒకసారి, గీత మందం తగ్గుతుందని ఒకసారి, అస్తమానూ ఆగిపోతుంటే విసుగొచ్చి, ఇక్కడ 'ఆపు' అన్నచోట 'వదిలెయ్' అని మార్చుకో అక్కా, చిన్న చిన్నవి వదిలేస్తుంది అన్నావు. నువ్వే అన్నావు చెల్లీ."

అన్నది నిజమే. చిన్న నష్టానికీ పెద్ద నష్టానికీ ఒకటే మీట పెట్టింది తను. గీత మందం తగ్గినా, మనిషి ప్రాణం కాసే రంగు పోయినా, ప్రోగ్రాంకి రెండూ ఒకటే. వేరు చెయ్యాలని అనుకుంటూనే తర్వాత చూద్దామని పక్కన పెట్టింది.

"కానీ ఈసారి చిన్నది కాదక్కా. ఏం పోతుందో తెరమీద రాసే ఉంటుంది. చదవలేదా?"

"చదివాను. మొన్నే మీ బావగారికీ చదివి వినిపించాను." పెద్దకోడలి గొంతు మరీ చిన్నదైపోయింది. "అంతా నీ చాదస్తం అన్నారు. పేలనివి ఎక్కడున్నాయో తనకి తెలుసు, తను నోటితో చెప్తానన్నారు. నేను మార్చనన్నాను. అప్పుడు నా మెడ పట్టుకుని ముఖం కీబోర్డుమీద పెట్టి నొక్కారు. మార్చాను."

చిన్నకోడలు లేచి ఆవిడ దగ్గరికి వెళ్ళింది. మెడమీద, జుట్టు మొదట్లో, నాలుగు వేళ్ళ గుర్తులూ నల్లబడి ఉన్నాయి. ఈ ఇంట్లో పెద్దకోడలు ఎప్పుడూ జడ వదులుగా ఎందుకు వేసుకుంటుందో ఆమెకి ఇన్నేళ్ళకి అర్థమైంది.

"నోటితో చెప్పారా మరి?"

"నిన్న పొద్దున్న క్వారీకి వెళ్ళనే లేదు. పడుకున్నారు."

అంతలో వీధివైపు కిటికీ అద్దం భళ్ళున పగిలింది.

* * *

బక్కోడి అన్న వచ్చాడు. క్వారీలోనే వెల్డరు. తండ్రి పోయిన దగ్గర్నుంచీ తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచిన మనిషి. నిన్నటి బట్టలే ఒంటిమీదున్నాయి, చొక్కాకి తమ్ముడి నెత్తురు ఎండి అట్టకట్టింది. చేతిలో డ్రిల్లింగ్ రాడ్డు ముక్క. ఎదురింటివాళ్ళు తలుపులు వేసుకుంటున్న చప్పుళ్ళు వరసగా వినపడ్డాయి.

అరుగుమీదున్న పెద్దవాడు పక్కకి తప్పుకుని దారిచ్చాడు.

ఆ దారివ్వడం చిన్నకోడలు కళ్ళారా చూసింది. మనిషి భయపడి జరగలేదు. లోపలికి వచ్చే చుట్టానికి ఇచ్చినట్టు దారిచ్చాడు.

వెల్డరు తిన్నగా చిన్నవాడి దగ్గరికి వెళ్ళి కడుపులో తన్నాడు. చిన్నవాడు కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. కట్లున్న చేతులు నేలకి తగిలి అతను పెట్టిన కేకకి అత్తగారు చెవులు మూసుకుంది. రాడ్డు గాల్లోకి లేచింది. చిన్నకోడలు భర్తమీద అడ్డంగా పడిపోయింది. రాడ్డు ఆమె తల పక్కన నేలకి తగిలి గచ్చు పెచ్చులు ఎగిరాయి.

"లే పైకి," అన్నాడు వెల్డరు. "ఆడమనిషిని కొట్టను. లే."

"ఏం చేశాడని అన్నా?"

"ఏం చేశాడా? మందుంది, దగ్గరికి పోవద్దని మేస్త్రి చెప్తూనే ఉన్నాడట. నీ మొగుడు వినకుండా నా తమ్ముణ్ణి అక్కడ నిలబెట్టాడట. పొద్దున ఆసుపత్రి దగ్గర మా అమ్మకి చెప్పాడు మీ బావ. సొంత తమ్ముడైనా సరే దాచలేనని ఏడ్చాడు."

చిన్నవాడికి సగం వినపడి సగం వినపడక, అన్నయ్య ముఖంలోకి చూస్తున్నాడు. ఇన్‌స్పెక్టర్‌కేమో తప్పు బక్కోడిదని చెప్పాలి, బక్కోడి మనుషులకేమో తప్పు చిన్నవాడిదని చెప్పాలి. పెద్దవాడు రెండు వైపులా గోడ కట్టుకుని మధ్యలో నీడపట్టున కూచున్నాడు.

చిన్నకోడలు లేచింది. వెనక గదిలోంచి లాప్‌టాప్ తెచ్చి బల్లమీద పెట్టింది. అన్నా, ఒక్కటి చూడు, తర్వాత నీ ఇష్టం, నన్నూ కొట్టు అంది. వెల్డరు చూడనన్నాడు. నా తమ్ముడు ముక్కలైతే నాకు బొమ్మలు చూపిస్తావా అన్నాడు. అయినా కళ్ళు తెరమీదికే వెళ్ళాయి.

"ఇది నేను తయారుచేసింది. నీ తమ్ముడు నిలబడ్డ చోటు, ఎర్రగా ఉంది చూడు. ఇది నిన్న షెడ్డుకి వెళ్ళింది. అదే చోటు. తెల్లగా ఉంది. పాత ఫైలులో ఎరుపు పట్టదు. పట్టదని ప్రోగ్రాం ఆగిపోతుంది. ఆగకుండా చేసి పంపించారు. మా ఆయనా, నీ తమ్ముడూ చూసింది ఈ తెలుపునే."

వెల్డరు రాడ్డు కిందికి దించి బల్లమీదికి వంగాడు. నెత్తుటి మరకలున్న వేలు ఒక పటంమీదా రెండో పటంమీదా మార్చి మార్చి పెట్టాడు. అప్పుడు చిన్నకోడలు కూడా అతని వేలితోపాటు పటం చివరిదాకా చూసింది. ఇందాక వెనక గదిలో తూర్పు వైపు తప్ప ఇంకెక్కడా చూడలేదు తను.

పడమటి వైపు చివరి వరుసలో ఇంకో ఎరుపు ఉంది.

ఆమె నోరు తెరిచేలోపే పెద్దవాడు పులిలా మీదికొచ్చి లాప్‌టాప్ లాక్కున్నాడు. ఎత్తి నేలకేసి కొట్టాడు. రెండు ముక్కలైనదాన్ని కాలితో తొక్కాడు, మళ్ళీ తొక్కాడు. ఈ దిక్కుమాలిన దానివల్లే ఇంటికి శని పట్టిందని, ఇది చెప్పేవన్నీ అబద్ధాలని అరిచాడు.

వెల్డరు అతన్నే చూస్తున్నాడు.

"అబద్ధమైతే పగలగొట్టడం దేనికి మేస్త్రీ?"

రాడ్డు ఈసారి పక్కనుంచి వచ్చింది. కుడి మోచెయ్యి పైన తగిలి ఎండుకొమ్మ విరిగినట్టు చప్పుడైంది. పెద్దవాడు మోకాళ్ళమీద కూలబడ్డాడు. అత్తగారు పరుగున వచ్చి కొడుకుని కప్పేసింది. నన్ను చంపి వాణ్ణి చంపమని వెల్డరు కాళ్ళు పట్టుకుంది. వెల్డరు రాడ్డు ఎత్తి పట్టుకునే ఉన్నాడు, ఆ ముసలి వీపుమీద దించలేకపోతున్నాడు.

"ఆ ఆపేది తీసిందెవరు? పేరు చెప్పు. ఒక్క మాట."

"నేను కాదు," అన్నాడు పెద్దవాడు తల్లి కిందనుంచి. "కంప్యూటరు దగ్గర కూచునేది నేనా? నా పెళ్ళాం. అదే మార్చింది. కావాలంటే దాన్నే అడుగు."

అందరూ పెద్దకోడలివైపు తిరిగారు. ఆవిడ గుమ్మంలోంచి కదల్లేదు, కళ్ళు దించుకోలేదు. అవును, నేనే మార్చాను అంది. ఎవరు మార్పించారో మాత్రం చెప్పలేదు. చెప్పవలసిన పని కూడా లేకపోయింది. వదులు జడ ఒక పక్కకి జారి ఉంది, వెల్డరు ఆ మెడ చూశాడు.

చిన్నకోడలికి ఇవేవీ చెవికెక్కడం లేదు. భుజం పట్టుకుని వెల్డరుని కుదిపేసింది.

"అన్నా, ఇవాళ పడమటి వైపు పని నడుస్తోందా?"

తూర్పు ఒక్కటే మూయించారని, పడమర పొద్దున్నుంచీ నడుస్తోందని, అక్కడ డ్రిల్లింగ్ చేసే పొడుగాయన మిషన్ పెట్టాడని వెల్డరు అన్నాడు. పని ఆగకూడదని చెప్పింది మేస్త్రే.

"ఇవాళ్టి షీటు కూడా తెల్లగానే వెళ్ళుంటుంది. అక్కడింకోటి ఉంది. పేలనిది."

పొడుగాయనకి ఫోన్ చేసింది. మోగుతోంది, ఎవరూ తియ్యడం లేదు. మిషన్ హోరులో ఎవరికి వినపడుతుంది? షెడ్డుకి చేసింది, అక్కడా అంతే. వెల్డరు రాడ్డు కింద పారేసి బైకు తాళాలకోసం జేబులు తడుముకుంటూ బయటికి పరిగెత్తాడు. ఆమె వెనకే వెళ్ళింది. గుమ్మం దాటుతూ ఒక్కసారి తిరిగి చూసింది. భర్త నేలమీద పడే ఉన్నాడు. లేపి కూచోబెట్టమని అక్కకి సైగ చేసింది. పెద్దవాడు విరిగిన చెయ్యి పట్టుకుని తిడుతూనే ఉన్నాడు, అతని తిట్లు వీధి చివరిదాకా వినపడ్డాయి.

* * *

కనుబొమ్మమీద గాయం గాలికి మండుతోంది. బైకు గుంతల్లో పడి లేచినప్పుడల్లా వెల్డరు చొక్కామీద ఎండిన నెత్తురు ఆమె చేతికి పొడిలా అంటుకుంటోంది.

క్వారీ గేటు దగ్గరికి వచ్చేసరికే మిషన్ శబ్దం వినపడింది. గేటు దగ్గర మనిషి ఆపబోతే వెల్డరు బైకు అతనిమీదికే పోనిచ్చాడు. పడమటి గట్టు కింద రాళ్ళు పరిచిన చోట బైకు జారి ఇద్దరూ పడ్డారు. అక్కణ్ణుంచి పరుగే.

పొడుగాయన చెవులకి రక్షణ తొడుక్కుని, వాళ్ళకి వీపు తిప్పి మిషన్ దగ్గర నిలబడి ఉన్నాడు. రాడ్డు రాయిలోకి మూరెడు దిగింది. దుమ్ము తెరలా లేస్తోంది. అరిచినా లాభం లేదు. చిన్నకోడలు రాయి తీసుకుని విసిరింది, మిషన్‌కి తగిలింది కానీ ఆ మనిషి తిరగలేదు.

అక్కడితో ఆమె కాళ్ళు ఆగిపోయాయి. ఇంకో అడుగు వేస్తే తను కూడా ఆ గడిలో ఉంటుంది. నిన్న బక్కోడు నిలబడ్డట్టే.

వెల్డరు ఆగలేదు. దుమ్ములోకి దూకి పొడుగాయన్ని నడుము పట్టి వెనక్కి లాగాడు. ఏం జరుగుతోందో తెలియని ఆ మనిషి తిరిగి వెల్డరు ముఖంమీద గుద్దాడు. ఇద్దరూ పెనుగులాడుతూ రాళ్ళమీద దొర్లారు. పొడుగాయన మోకాలు వెల్డరు డొక్కలో దిగింది, వెల్డరు తలతో అతని ముక్కుమీద కొట్టాడు. మిషన్ నడుస్తూనే ఉంది, రాడ్డు దిగుతూనే ఉంది.

మిషన్ ఆపే ఎర్ర బటన్ దాని పక్కనే ఉంటుందని చిన్నవాడు ఎన్నోసార్లు చెప్పాడు. చిన్నకోడలు కళ్ళు మూసుకోలేదు, దేవుణ్ణి తలుచుకోలేదు. నడిచి వెళ్ళి నొక్కింది.

శబ్దం ఆగిపోయింది. అంత హోరు తర్వాత వచ్చిన ఆ నిశ్శబ్దంలో ముక్కులోంచి నెత్తురు కారుతున్న పొడుగాయన, మీకేమైనా పిచ్చెక్కిందా, షీటులో తెల్లగానే కదా ఉంది అన్నాడు.

అతన్ని దూరంగా నడిపించుకెళ్ళి విషయం చెప్పారు. మొదట నమ్మలేదు. తర్వాత గట్టుమీద కూచుని తన రెండు చేతులూ ముందుకి చాపి చూసుకున్నాడు, ఉన్నాయో లేవో అన్నట్టు. తూర్పు వైపు నిన్నటి పేలుడు చోటు చూస్తున్న ఇన్‌స్పెక్టర్ గొడవ విని మనుషుల్ని వెంటేసుకుని వచ్చాడు. పడమటి గట్టంతా ఖాళీ చేయించాడు. ఇక్కడ మందుందని మీకెలా తెలుసని ఆమెని అడిగాడు.

ఆ ప్రోగ్రాం రాసింది నేనేనండీ అంది చిన్నకోడలు. మూడు షరతుల సంగతీ, కాపలా సంగతీ, చిన్నదానికీ పెద్దదానికీ ఒకటే మీట పెట్టిన తన తప్పూ చెప్పింది. ఆ మీట మార్పించింది మేస్త్రి అనీ, ఎలా మార్పించాడో కూడా చెప్పింది. ఇన్‌స్పెక్టర్ అన్నీ విని, మీ ఇంటికి వెళ్దాం పదండి అన్నాడు, మేస్త్రితో మాట్లాడాలి.

వెల్డరు నీళ్ళ ట్యాంకు దగ్గర ముఖం కడుక్కుంటున్నాడు. పెదవి వాచింది. అయినా నిన్నటినుంచీ మొదటిసారి అతని ముఖంలో కాస్త మనిషి కళ కనపడింది. తమ్ముణ్ణి ఎలాగూ కాపాడుకోలేకపోయాను, వీడైనా దక్కాడు అని తనలో తను అనుకుంటున్నట్టు అన్నాడు. ఇంట్లో చిన్నవాడి కాళ్ళమీద పడి క్షమించమంటాననీ అన్నాడు.

చిన్నకోడలి ఫోన్ మోగింది. ఇంటినుంచే. తీస్తే పెద్దకోడలు.

"చెల్లీ, అక్కడ ఆగిందా?"

"ఆగిందక్కా. అందరూ బాగున్నారు."

"మంచిది." ఆ గొంతులో తొందరేమీ లేదు, కూరకి ఏం తేవాలో అడుగుతున్నట్టుంది. "మీరు వెళ్ళాక మీ బావగారు ఒంటిచేత్తోనే నామీదికి వచ్చారు. మీ ఆయన లేవబోయాడు కానీ చేతులకి కట్లు కదా పాపం, అడ్డంపడలేకపోయాడు. పెరటి గుమ్మందాకా జుట్టు పట్టి ఈడ్చుకెళ్ళారు. నేను తోశాను. రాతిమెట్లమీద వెనక్కి పడ్డారు. ఇక లేవలేదు."

చిన్నకోడలు ఫోన్ చెవికి నొక్కుకుని ట్యాంకు అవతలికి జరిగింది.

"లేవలేదంటే?"

"ఊపిరి లేదు. నేను చూశాను, అత్తయ్య కూడా చూసింది." వెనక ఎక్కడో ఆడవాళ్ళ ఏడుపులు, ఇంటినిండా జనం చేరిన చప్పుడు. "అత్తయ్య అందరికీ ఒకటే చెప్తోంది. వెల్డరు రాడ్డుతో కొట్టిన దెబ్బకే నా కొడుకు పోయాడని. కిటికీ పగలడం, అతను లోపలికి రావడం వీధంతా చూశారు. నన్ను నోరెత్తొద్దంటోంది. కొడుకు ఎలాగూ పోయాడు, కోడలు కూడా జైలుకి పోతే నాకెవరున్నారంటోంది. మీ ఆయన నావైపు చూస్తున్నాడు తప్ప ఏమీ అనడం లేదు."

"అక్కా..."

"నేనేం చెప్పాలో నాకు తెలియడం లేదు చెల్లీ. ఇన్‌స్పెక్టర్ అక్కడే ఉన్నాడా? వెల్డరు కూడా నీ పక్కనే ఉన్నాడా?"

ఇన్‌స్పెక్టర్ జీపు తలుపు తెరిచి పట్టుకుని ఆమెకోసం చూస్తున్నాడు. తడి ముఖం చొక్కా చేత్తో తుడుచుకుంటూ వెల్డరు ఆమె దగ్గరికి వచ్చాడు.

"ఇంటినుంచేనా చెల్లెమ్మా? మీ ఆయనెలా ఉన్నాడట?"